హాబీ ఎలక్ట్రానిక్స్: సర్క్యూట్లలో లోపాల గుర్తింపు (తన్లిన్, మయన్మార్)

ఉపాధి కోసం కాకుండా ఆసక్తి కొద్దీ సర్క్యూట్లు కట్టడం, పాడైన పరికరాలు విప్పి బాగుచేయడం, భాగాల పనితీరు తెలుసుకోవడం హాబీ ఎలక్ట్రానిక్స్ కిందికి వస్తాయి. ఇందులో కట్టడం కన్నా, కట్టింది ఎందుకు పనిచేయడం లేదో కనిపెట్టడానికే ఎక్కువ సమయం పోతుంది. కనిపెట్టే పద్ధతి ఎక్కడైనా ఒకటే. ఏ భాగం ముందు చెడుతుందన్నది మాత్రం ఆ ఊరి కరెంటును బట్టి, వాతావరణాన్ని బట్టి మారుతుంది. మయన్మార్‌లోని తన్లిన్‌లో నిలకడ లేని సరఫరా, సుదీర్ఘమైన వర్షాకాలం, బ్యాటరీల వాడకం మూడూ కలిసి ఉన్నాయి. అందువల్ల లోపాల గుర్తింపును వివరించడానికి ఆ ఊరు తగిన ఉదాహరణ.

ప్రాంతం

యాంగోన్ నగరానికి ఎదురుగా, బగో నదికి ఆవలి ఒడ్డున ఉన్న పట్టణం తన్లిన్. బ్రిటిష్ పాలనలో దీని పేరు సిరియం. బర్మా ఆయిల్ కంపెనీ చమురు శుద్ధి కర్మాగారం ఇక్కడే ఉండేది. జపాన్ సేనల చేతికి చిక్కకుండా 1942 మార్చిలో దాన్ని బ్రిటిష్ వారే పేల్చివేశారు. అంతకుముందు దశాబ్దాల్లో రంగూన్ (నేటి యాంగోన్) రేవుకు, బియ్యపు మిల్లులకు, ఈ ప్రాంతపు కర్మాగారాలకు కోస్తాంధ్ర నుంచి వేలాది తెలుగువారు కూలికి వెళ్లారు. 1993లో తన్లిన్ వంతెన ప్రారంభమయ్యాక ఊరికి యాంగోన్‌తో రోడ్డు, రైలు సంబంధం ఏర్పడింది. 2015లో ఊరికి దక్షిణాన తిలావా ప్రత్యేక ఆర్థిక మండలి మొదలైంది. తన్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. మయన్మార్ మారిటైమ్ విశ్వవిద్యాలయం కూడా ఈ పట్టణంలోనే ఉంది. రెంచీలు, టంకం, మీటర్లు పట్టే విద్యార్థులకు ఇక్కడ కొదవ లేదు.

భాగాలు, అవి చెడే తీరు

ప్రతి భాగానికీ చెడిపోవడంలో తనదైన తీరు ఉంటుంది. అది తెలిస్తే వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

*రెసిస్టరు.* ప్రవాహాన్ని అదుపు చేసే భాగం. వోల్టేజి, ప్రవాహం, నిరోధం మధ్య సంబంధాన్ని గేయోర్గ్ ఓమ్ 1827లో ప్రకటించాడు. విలువను రంగు పట్టీలు చెబుతాయి: పసుపు, ఊదా, గోధుమ, బంగారు వరుసగా ఉంటే 470 ఓములు, అటూ ఇటూ 5 శాతం. రెసిస్టరు చెడితే తెగిపోతుంది లేదా దాని విలువ పెరుగుతుంది. తగ్గడం బహు అరుదు. కనుక బోర్డు మీదనే కొలిచినప్పుడు రాసిన విలువ కన్నా ఎక్కువ చూపితే అది చెడినట్టే. తక్కువ చూపితే పక్కన మరో దారి గుండా ప్రవాహం పోతున్నట్టు. అప్పుడు ఒక కాలు లేపి మళ్లీ కొలవాలి.

*కెపాసిటరు.* సెరామిక్ రకం చెడడం తక్కువ, చెడితే తరచు షార్టవుతుంది. ఎలక్ట్రోలైటిక్ రకం లోపల ద్రవం ఉంటుంది, వేడికి అది ఆరిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుంది. అందుకే వేడెక్కే రెగ్యులేటరు పక్కన, హీట్‌సింకు ఆనుకుని ఉన్న కెపాసిటర్లు ముందు పోతాయి. నెత్తి పొంగడం, అడుగున జిగురులా కారడం బయటికి కనిపించే గుర్తులు. పొంగకపోయినా లోపలి నిరోధం పెరిగి పని చెడవచ్చు. ధన, రుణ కాళ్లు తిరగబడితే ఇది పేలవచ్చు.

*డయోడు.* ఒక దిక్కునే ప్రవాహాన్ని పోనిస్తుంది. మీటరును డయోడు గుర్తుపై పెట్టి 1ఎన్4007ను కొలిస్తే ఒక వైపు 0.5 నుంచి 0.7 వోల్టుల మధ్య అంకె రావాలి, రెండో వైపు ఏమీ రాకూడదు. రెండు వైపులా సున్నా వస్తే షార్టు. రెండు వైపులా ఏమీ రాకపోతే ఓపెన్. ఎల్‌ఈడీ కూడా డయోడే. ఎరుపు రంగుదానికి సుమారు 2 వోల్టులు, తెలుపు, నీలం రంగులకు 3 వోల్టులు పైచిలుకు కావాలి. వరుసలో రెసిస్టరు లేకుండా బ్యాటరీకి తగిలిస్తే మాడిపోతుంది. 9 వోల్టుల బ్యాటరీకి, ఎరుపు ఎల్‌ఈడీకి మధ్య 470 ఓములు పెడితే 15 మిల్లీఆంపియర్లు పారుతాయి.

*ట్రాన్సిస్టరు.* 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ దీన్ని మొదటిసారి పనిచేయించారు. సిలికాన్ రకంలో బేస్‌కు, ఎమిటరుకు మధ్య 0.6 నుంచి 0.7 వోల్టులు కనిపించాలి. అక్కడ ఒక వోల్టు దాటి చూపితే లోపలి సంధి తెగినట్టే. కొత్తవారు తరచు పొరపడేది కాళ్ల వరుస దగ్గర. చదునైన ముఖం మన వైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే బీసీ547కు ఎడమ నుంచి కలెక్టరు, బేస్, ఎమిటరు. 2ఎన్3904కు సరిగ్గా దానికి తిరగేసి ఉంటుంది. ఒకదాని బదులు మరొకటి యథాతథంగా పెడితే రెండు భాగాలూ మంచివే అయినా సర్క్యూటు పనిచేయదు.

*రెగ్యులేటరు.* 7805 స్థిరంగా 5 వోల్టులు ఇస్తుంది. ఇన్‌పుట్ కనీసం 7 వోల్టులైనా ఉండాలి. 12 వోల్టుల నుంచి 5 తీస్తూ అర ఆంపియరు వాడితే మిగిలిన 7 వోల్టులు 3.5 వాట్ల వేడిగా మారతాయి. హీట్‌సింకు లేకపోతే అది తనను తాను ఆపేసుకుంటుంది. చల్లారాక మళ్లీ మొదలవుతుంది. కాసేపు పనిచేసి ఆగిపోయి, మళ్లీ దానంతట అదే వచ్చే సర్క్యూటులో మొదట చేయి పెట్టి చూడాల్సింది దీన్నే.

*ఐసీ.* నిజానికి చెడేది తక్కువ, అనుమానానికి గురయ్యేది ఎక్కువ. సప్లై పిన్నులో వోల్టేజి ఉందో లేదో, ఏ ఇన్‌పుటైనా గాలిలో వేలాడుతోందో చూడకుండా ఐసీ మార్చడం వృథా ఖర్చు.

పరికరాలు

ప్రధాన సాధనం మల్టీమీటరు. ఆంపియరు, వోల్టు, ఓము మూడింటినీ ఒకే పెట్టెలో కొలిచే మీటరును బ్రిటిష్ తపాలా శాఖ ఇంజినీరు డోనాల్డ్ మెకేడీ రూపొందించగా, 1923లో అది ‘ఏవో’ (AVO) అనే పేరుతో మార్కెట్లోకి వచ్చింది. నేటి డిజిటల్ మీటరు వోల్టేజి కొలిచేటప్పుడు తన వైపు దాదాపు ప్రవాహం తీసుకోదు, సాధారణంగా దాని నిరోధం 10 మెగాఓములు. అదే మీటరులో ఎర్ర వైరును 10 ఆంపియర్ల సాకెట్టులో పెట్టి బ్యాటరీ రెండు కొసలకూ తాకిస్తే నేరుగా షార్టు చేసినట్టవుతుంది. కొన్నాళ్లుగా ప్రవాహం చూపని మీటరులో ముందు చూడాల్సింది లోపలి ఫ్యూజు.

టంకానికి సోల్డరింగ్ ఐరన్, మెకానిక్కులు లెడ్ అని పిలిచే టంకం తీగ, ఫ్లక్సు కావాలి. తగరం 63, సీసం 37 పాళ్ల టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సీసం లేనిది సుమారు 217 డిగ్రీలు అడుగుతుంది. పాత ఐరన్‌తో కొత్త బోర్డు విప్పడం కష్టమయ్యేది అందుకే. భూతద్దం, గట్టి కుంచె, ఐసోప్రొపైల్ ఆల్కహాలు తేమ ఉన్న ఊళ్లలో మీటరంత అవసరం. ఆసిలోస్కోపు ఉంటే మేలే గాని, హాబీ పనిలో ఎదురయ్యే లోపాల్లో అధిక భాగం అది లేకుండానే తేలతాయి.

ఖర్చు లేని మరో సాధనం సిరీస్ బల్బు. 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బును ఫేజు దారిలో వరుసగా పెట్టి, బాగుచేసిన పరికరానికి కరెంటు ఇస్తారు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, పరికరం మాడదు. ఒక్కసారి వెలిగి మందగిస్తే కెపాసిటరు నిండిందని, షార్టు లేదని అర్థం. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు.

పద్ధతి

లోపాల గుర్తింపు నాలుగు మెట్లుగా సాగుతుంది.

మొదటిది, చూడటం. మాడిన వాసన, నల్లబడిన మచ్చ, పొంగిన కెపాసిటరు, వదులైన వైరు, తిరగబడిన భాగం కంటికే దొరుకుతాయి. డ్రై సోల్డరు, అంటే టంకం పైకి పట్టినట్టున్నా కాలును పట్టని అతుకు, మసకగా ఉంటుంది, కాలు చుట్టూ సన్నటి ఉంగరంలా పగులు కనిపిస్తుంది. బోర్డును ఎండు కర్రపుల్లతో మెల్లగా తట్టినప్పుడు పరికరం వచ్చి పోతుంటే కారణం తరచు ఇదే.

రెండోది, సప్లై. ఏ సర్క్యూటు దగ్గరైనా మొదటి కొలత సప్లై వోల్టేజి. దాన్ని ఎడాప్టరు కొస దగ్గర కాక ఐసీ పిన్ను మీదనే కొలవాలి. రెండింటికీ తేడా ఉంటే దారిలో ఎక్కడో వైరు గాని, స్విచ్చు గాని, అతుకు గాని వోల్టేజిని మింగుతోంది. బ్రెడ్‌బోర్డులో మరో చిక్కు ఉంది. కొన్ని రకాల్లో పక్కనున్న సప్లై పట్టీ మధ్యలో తెగి ఉంటుంది. సగం సర్క్యూటుకు కరెంటే అందదు.

మూడోది, సగానికి కోయడం. సిగ్నలు ఎనిమిది దశల గుండా పోతుంటే మొదటి నుంచి ఒక్కొక్కటీ చూడక్కర్లేదు. నాలుగో దశ చివర కొలవాలి. అక్కడ బాగుంటే లోపం తర్వాతి సగంలో, లేకుంటే ముందు సగంలో. ఇలా మూడు కొలతల్లో దశ తేలిపోతుంది.

నాలుగోది, ఊహను పరీక్షించడం. మీటరు చూపబోయే అంకెను ముందే అనుకుని కొలవాలి. ఎంత ఉండాలో తెలియకుండా కొలిస్తే వచ్చిన అంకె మంచిదో చెడ్డదో తేల్చలేం. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. మూడు భాగాలు ఒకేసారి మార్చితే సర్క్యూటు బాగుపడినా లోపం ఎక్కడుండేదో తెలియదు.

ఒక ఉదాహరణ: మిణుకు మనని ఎల్‌ఈడీ

హాబీ ఎలక్ట్రానిక్స్‌లో అందరూ మొదట కట్టే వాటిలో 555 టైమరుతో ఎల్‌ఈడీ మిణుకు సర్క్యూటు ఒకటి. ఈ ఐసీని హాన్స్ కామెన్‌జిండ్ 1971లో రూపొందించగా సిగ్నెటిక్స్ 1972లో విడుదల చేసింది. సప్లైకి, 7వ పిన్నుకు మధ్య 1 కిలోఓము, 7వ పిన్ను నుంచి కలిపి ఉన్న 2, 6 పిన్నులకు 68 కిలోఓములు, అక్కడి నుంచి నేలకు (గ్రౌండుకు) 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు పెడితే ఎల్‌ఈడీ దాదాపు సెకనుకు ఒకసారి మిణుకు మంటుంది. సప్లై 9 వోల్టులైతే కెపాసిటరు వోల్టేజి 3కు, 6కు మధ్య ఎక్కుతూ దిగుతూ ఉండాలి. 6కు చేరితే అవుట్‌పుట్ కిందికి, 3కు దిగితే పైకి మారుతుంది.

3వ పిన్ను నుంచి రెసిస్టరు ద్వారా నేలకు కలిపిన ఎల్‌ఈడీ వెలిగే ఉంది, ఆరడం లేదనుకుందాం. 8వ పిన్నులో 9 వోల్టులు, 1వ పిన్నులో సున్నా, రీసెట్టు అయిన 4వ పిన్నులో 9 ఉన్నాయి. అంటే సప్లై సరే. తర్వాతి కొలత 6వ పిన్ను. అక్కడ సున్నా ఉంటే కెపాసిటరు షార్టయి ఉండాలి, లేదా 68 కిలోఓముల కాలు ఊడి ఉండాలి. 9 వోల్టులు ఉండే వీలే లేదు. అలా ఉంటే ఎల్‌ఈడీ ఆరిపోయి ఉండేది. అది 7వ పిన్ను ఊడినప్పటి లక్షణం. మీటరు మెల్లగా పైకెక్కి 4 వోల్టుల దగ్గర నిలిచిపోయిందనుకుందాం. కెపాసిటరు నిండడం లేదు, పోసింది పోసినట్టే కారిపోతోంది. మిగిలిన 5 వోల్టులు 69 కిలోఓముల మీద పడుతున్నాయి కనుక కారే ప్రవాహం సుమారు 72 మైక్రోఆంపియర్లు. 25 వోల్టుల మంచి కెపాసిటరులో అది 3 మైక్రోఆంపియర్ల లోపే ఉండాలి. ఈ భాగాన్ని తీసి కెపాసిటెన్స్ మీటరులో పెడితే 10 మైక్రోఫారడ్ అనే చూపవచ్చు, ఎందుకంటే ఆ పరీక్ష లీకేజీని చూడదు. కాళ్లు తిరగబడ్డాయేమో ముందు చూసి, సరిగ్గానే ఉంటే కెపాసిటరు మార్చాలి. ఐసీ జోలికి పోనవసరం లేదు.

తన్లిన్ పరిస్థితుల్లో వచ్చే లోపాలు

*కరెంటు.* మయన్మార్ సరఫరా భారతదేశంలో లాగే 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. కాగితం మీద అంకె అది. లోడు పెరిగిన వేళల్లో ఇంటికి చేరేది అంతకన్నా తక్కువ. యాంగోన్ ప్రాంతంలో 2021 తర్వాత కోతలు బాగా పెరిగాయి. తక్కువ వోల్టేజి ప్రభావాన్ని లెక్క కట్టవచ్చు. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, బ్రిడ్జి డయోడ్లు, 7812 రెగ్యులేటరు ఉన్న సప్లై తీసుకుంటే, 230 వోల్టుల వద్ద డయోడ్ల తర్వాత సుమారు 15.5 వోల్టులు నిలుస్తాయి. మెయిన్సు 170కి పడితే అక్కడ మిగిలేది 11 వోల్టులే. రెగ్యులేటరుకు 14 అయినా కావాలి. ఫలితంగా అవుట్‌పుట్ పడిపోతుంది, ఆంప్లిఫయరులో 100 హెర్ట్‌జ్ హమ్ము వినబడుతుంది. పగలు బాగుండి సాయంత్రం గురగురలాడే సెట్టులో భాగాలు మార్చే ముందు గోడ సాకెట్టులో వోల్టేజి చూడాలి.

కోత తర్వాత కరెంటు తిరిగి వచ్చే క్షణం మరో గండం. వీధిలోని మోటార్లు, ఫ్రిజ్‌లు ఒక్కసారిగా మొదలవడంతో వోల్టేజి ఊగిసలాడుతుంది. ఛార్జర్లలో ఫ్యూజు, దాని పక్కనున్న వేరిస్టరు, బ్రిడ్జి డయోడ్లు, స్విచింగ్ ట్రాన్సిస్టరు వరుసగా పోతాయి. ఫ్యూజు గాజు నల్లగా మాడి ఉంటే లోపల షార్టు ఉన్నట్టే. దాన్ని మార్చి నేరుగా ప్లగ్గు పెట్టకుండా సిరీస్ బల్బు ద్వారానే ఇవ్వాలి. చవక ఇన్వర్టర్లు సైన్ తరంగం బదులు మెట్లు మెట్లుగా ఉన్న తరంగాన్ని ఇస్తాయి. కెపాసిటరుతో వోల్టేజి తగ్గించే చవక ఎల్‌ఈడీ బల్బులు దాని మీద మామూలు కన్నా ఎక్కువ ప్రవాహం లాగి త్వరగా పోతాయి.

*తేమ.* యాంగోన్ ప్రాంతంలో మే నుంచి అక్టోబరు దాకా వానలు, ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్లు. హైదరాబాదు వర్షపాతానికి ఇది మూడింతలకు పైనే. రాగి దారుల మీద పచ్చటి చిలుము, కనెక్టర్లలో తుప్పు, స్విచ్చుల్లో మురికి చేరతాయి. కడగకుండా వదిలేసిన ఫ్లక్సు తేమ పీల్చి సన్నటి లీకేజీ దారిగా మారుతుంది. మెగాఓముల నిరోధాలున్న చోట, అంటే సెన్సర్లలో, టచ్ స్విచ్చుల్లో, టైమర్లలో ఇది ముందు బయటపడుతుంది. వానరోజున చెడి, ఎండరోజున బాగుపడే సర్క్యూటుకు మందు కొత్త భాగం కాదు. ఆల్కహాలుతో కుంచె పెట్టి కడిగి, ఆరబెట్టి, పైన లక్క వంటి రక్షణ పూత వేయడమే. వరద నీరు తాకిన బోర్డుకు కరెంటు ఇవ్వకముందే మంచినీటితో, తర్వాత ఆల్కహాలుతో కడగాలి. తడి ఉండగా కరెంటు ఇస్తే రాగి దారులు గంటల్లోనే తినివేయబడతాయి.

*బ్యాటరీ.* కోతల వల్ల సౌర ఫలకాలు, లెడ్ యాసిడ్, లిథియం బ్యాటరీలు ఇళ్లలో మామూలయ్యాయి. హాబీ పనివారి చేతికి వచ్చే వాటిలో ఎమర్జెన్సీ లైట్లు, చిన్న ఛార్జర్లు అధికం. విశ్రాంతిలో ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండితే 12.7 వోల్టులు, ఖాళీ అయితే 11.8 దరిదాపుల్లో చూపుతుంది. అయితే లోడు లేకుండా కొలిచిన వోల్టేజి ఒక్కదాన్నే నమ్మకూడదు. బల్బు తగిలించి కొలవాలి. 12.6 చూపి, బల్బు పెట్టగానే 9కి పడిపోతే బ్యాటరీ పోయినట్టే, ఛార్జరు దోషం కాదు. మామూలు లిథియం అయాన్ సెల్లు 4.2 వోల్టులు దాటకూడదు, 3 కన్నా దిగకూడదు. ఐరన్ ఫాస్ఫేటు రకానికి గరిష్ఠం 3.65 వోల్టులే. ఒక రకం ఛార్జరును మరో రకానికి వాడితే ప్రమాదం. ఉబ్బిన సెల్లును బాగుచేసే దారి లేదు.

మైక్రోకంట్రోలరు బోర్డులు

2005లో ఇటలీలోని ఇవ్రెయాలో పుట్టిన ఆర్డుయినో వంటి బోర్డులతో లోపం హార్డ్‌వేరుదా, ప్రోగ్రాముదా అన్న కొత్త ప్రశ్న వచ్చింది. దాన్ని తేల్చడానికి బోర్డు మీది ఎల్‌ఈడీని వెలిగించి ఆర్పే చిన్న ప్రోగ్రామును ఎక్కిస్తారు. అది నడిస్తే బోర్డు, కేబులు, సప్లై మూడూ సరే. ఆర్డుయినో ఉనో పిన్ను నుంచి 20 మిల్లీఆంపియర్లకు మించి తీయకూడదు. రిలే, మోటారు నేరుగా తగిలిస్తే పిన్ను పోతుంది. మధ్యలో ట్రాన్సిస్టరు, రిలే కాయిల్‌కు అడ్డంగా తిరగేసిన డయోడు ఉండాలి. వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు ప్రసారం చేసేటప్పుడు క్షణకాలం ఎక్కువ ప్రవాహం లాగుతుంది. సన్నటి యూఎస్‌బీ వైరుతో వోల్టేజి కూలి బోర్డు పదేపదే రీసెట్టవుతుంది. ఇది చూసి ప్రోగ్రామును తిరగరాసేవారు ఎందరో. అది 3.3 వోల్టుల బోర్డు కనుక 5 వోల్టుల సెన్సరు అవుట్‌పుట్‌ను నేరుగా కలపకూడదు.

భద్రత

230 వోల్టుల మెయిన్సును సరిదిద్దితే స్విచింగ్ సప్లై లోపలి పెద్ద కెపాసిటరులో 320 వోల్టులకు పైగా నిలుస్తాయి. ప్లగ్గు తీసినా అవి అలాగే ఉండవచ్చు. తాకే ముందు 2.2 కిలోఓముల, 5 వాట్ల రెసిస్టరుతో ఖాళీ చేసి, మీటరుతో చూసుకోవాలి. స్క్రూడ్రైవరుతో షార్టు చేస్తే నిప్పురవ్వలు ఎగిరి భాగాలు, కళ్లు దెబ్బతింటాయి. ట్రాన్స్‌ఫార్మరు లేని ఎల్‌ఈడీ బల్బుల్లో సర్క్యూటంతా మెయిన్సుతో కలిసే ఉంటుంది, అక్కడ ఆసిలోస్కోపు నేల క్లిప్పు తగిలించడం ప్రాణాంతకం. 30 మిల్లీఆంపియర్ల లీకేజీ బ్రేకరు ఉన్న సాకెట్టు మీదనే పని చేయాలి. తడి నేల మీద చెప్పులు లేకుండా ప్లగ్గు పెట్టిన బోర్డును ముట్టుకోరాదు.

విద్య, భాగాల లభ్యత

హైదరాబాదు కుర్రాడికి కోఠి గుజరాతీ గల్లీ ఎలాంటిదో తన్లిన్ విద్యార్థికి యాంగోన్ బజారు అలాంటిది. అయితే కావలసిన ఐసీ కోసం ప్రతిసారీ వంతెన దాటాలి. దాటి వెళ్లినా నకిలీ ట్రాన్సిస్టర్లు, ఏళ్లు నిల్వ ఉన్న కెపాసిటర్లు చేతికి వచ్చే అవకాశం ఉంది. అందుకని పాత రేడియోలు, ఛార్జర్ల నుంచి తీసిన భాగాలనూ వాడుతుంటారు. కొన్నదైనా, విప్పి తీసినదైనా టంకం వేసే ముందే కొలవడం మేలు. బాగా నడుస్తున్న సర్క్యూటులో ముఖ్యమైన పిన్నుల వోల్టేజీలను నోటుపుస్తకంలో రాసిపెట్టుకోవడం అంతకన్నా మేలు. అది చెడిన రోజున ఎంత ఉండాలో వెతుక్కునే పని ఉండదు. భాగం దొరకడం కష్టమైన చోట అనుమానం మీద భాగాలు మార్చడం ఖరీదైన పని. కొలతకు అయ్యే ఖర్చల్లా మీటరు బ్యాటరీ ఒక్కటే.